కేథడ్రల్ రంగుటద్దాల ఫోటోలు: కిటికీ తెల్లబోకుండా, రంగు చావకుండా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అక్టోబర్‌లో అమ్మగారిని తీసుకుని పారిస్ వెళ్తున్నారు. పారిస్‌లోని సాంత్ షాపెల్ ప్రార్థనాలయం, పారిస్ నుంచి రైల్లో వెళ్లే షార్త్ర్ ఊరి కేథడ్రల్ తప్పక చూడాలనుకుంటున్నారు. పోయిన ట్రిప్‌లో ఒక చర్చిలో తీసిన ఫోటోల్లో కిటికీలు తెల్లటి మచ్చల్లా వచ్చాయి, వాటిని సరిచేస్తే చుట్టూ అంతా నల్లగా అయిపోయింది. చేతిలో మిర్రర్‌లెస్ కెమెరా, 24-105 లెన్స్, ఒక ఫోన్ ఉన్నాయి. ట్రైపాడ్ మోసుకెళ్లాలా, ఎండ ఉన్న రోజు చూసుకుని వెళ్లాలా, సెట్టింగ్స్ ఏం పెట్టాలి అని అడిగారు.

ముందు ఎండ సంగతి చెప్తాను, ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. ఎండ కోసం చూడకండి. రంగుటద్దానికి మబ్బు పట్టిన రోజే మంచి రోజు. మబ్బు ఆకాశమంతా ఒకే తెల్లటి పరదాలా కిటికీ వెనక పరుచుకుంటుంది. పై నుంచి కింది దాకా వెలుగు సమంగా వస్తుంది. ఎండ నేరుగా పడితే కిటికీలో ఒక మూల మండిపోతుంది, ఇంకో మూల గోడ నీడలో ఉండిపోతుంది. బయట రక్షణకి బిగించిన ఇనుప జాలీ ఉంటే దాని నీడ గళ్లుగళ్లుగా బొమ్మ మీద పడుతుంది. కంటికి అంతగా తెలియదు, ఇంటికొచ్చి స్క్రీన్ మీద చూస్తే సాధువు ముఖం మీద దోమతెర కప్పినట్టు కనిపిస్తుంది.

ఎండతో ఇంకో చిక్కుంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. దక్షిణం వైపు కిటికీల్లోంచి ఎండ లోపలికి దూసుకొచ్చినప్పుడు ఆ వెలుగు వెళ్లి ఉత్తరం వైపు కిటికీల లోపలి ముఖం మీద పడుతుంది. అద్దం రంగు కనబడాలంటే వెలుగు బయటి నుంచి లోపలికి రావాలి. లోపలి నుంచే వెలుగు పడితే దుమ్ము, అద్దం ముక్కల్ని కలిపే సీసం పట్టీలు, అద్దం మీద గరుకుదనం బూడిద రంగులో తేలి, అసలు రంగు పలచబడుతుంది. ఫ్లాష్ వద్దనేది కూడా ఇందుకే. గుళ్లో గర్భగుడి దగ్గర ఫ్లాష్ వేయకపోవడం మర్యాద. ఇక్కడ మర్యాదతో పాటు, ఫ్లాష్ వేస్తే మీ బొమ్మే చచ్చిపోతుంది. కాబట్టి ఆ రోజు ఎండ కాస్తే ఉత్తరం వైపు కిటికీలు పొద్దున్నే గానీ, సూర్యుడు మబ్బు చాటుకి వెళ్లినప్పుడు గానీ తీసుకోండి. ఎండకి ఒకే ఒక్క ఉపయోగం ఉంది: నేల మీద, స్తంభాల మీద పడే ఎరుపు, నీలం మరకలు. అవి ఫోటో తీయాలంటే ఎండ రోజే వెళ్లాలి. కానీ అది వేరే ఫోటో.

నేను మొదటిసారి షార్త్ర్ వెళ్లింది మంచి ఎండ రోజున. పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి రైలెక్కితే గంట, గంటంపావు ప్రయాణం. బయటి వెలుతురులోంచి నేరుగా లోపలికి వెళ్లి, కెమెరా ఆటోలో పెట్టి, మొదటి పావుగంటలో ఎనభై ఫోటోలు కొట్టాను. ఒక్కటీ పనికి రాలేదు. అన్నిటికంటే బాధ బెల్ వెరియేర్ కిటికీ గురించి. నీలి వస్త్రంలో కూర్చున్న మరియమ్మ, ఒళ్లో బిడ్డ. 1194లో పాత చర్చి తగలబడినప్పుడు మిగిలిన కొద్ది కిటికీల్లో ఇదొకటి. మధ్యలోని బొమ్మ 1180 ప్రాంతం నాటిది, చుట్టూ ఉన్న దేవదూతల్ని 13వ శతాబ్దంలో చేర్చారు. ఆ నీలం కోసం మనుషులు ఖండాలు దాటి వస్తారు. నా ఫోటోలో అది ఉతికి ఉతికి వెలిసిపోయిన స్కూల్ చొక్కాలా ఉంది. మళ్లీ వెళ్లడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మీకు అలా కాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఎందుకలా అయింది? కెమెరా మొత్తం ఫ్రేమ్ చూస్తుంది. ఫ్రేమ్‌లో ముప్పావు వంతు చీకటి గోడ అయితే ఆ చీకటిని లేపాలని ఎక్స్‌పోజర్ పెంచుతుంది. కిటికీకి, పక్క గోడకి మధ్య ఏడెనిమిది స్టాప్‌ల తేడా ఉండటం మామూలే (ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). రెండూ ఒకే షాట్‌లో పూర్తిగా రావు. కాబట్టి షట్టర్ నొక్కే ముందే తేల్చుకోవాలి: నాకు అద్దం కావాలా, గది కావాలా? మీకు అద్దం కావాలి. అయితే గోడని మర్చిపోండి. నల్లగా రానివ్వండి. చుట్టూ నలుపు ఉంటేనే అద్దం వెలుగుతున్నట్టు కనిపిస్తుంది.

పద్ధతి ఇదీ. కెమెరా మాన్యువల్‌లో పెట్టండి. స్పాట్ మీటరింగ్ (ఫ్రేమ్‌లో ఒక చిన్న చుక్క దగ్గరే వెలుగు కొలిచే పద్ధతి) పెట్టుకుని కిటికీలో మధ్యస్థంగా వెలిగే భాగం మీద కొలవండి. మబ్బు రోజున ఐఎస్ఓ 800, ఎఫ్/5.6, 1/125 దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు, అక్కణ్ణించి అటూ ఇటూ జరపండి. ఫైల్ రా (RAW) ఫార్మాట్‌లోనే, అంటే కెమెరా కుదించకుండా దాచే ఫైల్‌గానే ఉండాలి. ఇక అసలు కీలకం హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో ఎడమ నుంచి కుడికి చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్. మామూలు తెల్ల హిస్టోగ్రామ్‌ని ఇక్కడ నమ్మకండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఆన్ చేసుకోండి. ముదురు నీలం కిటికీకి తెల్ల హిస్టోగ్రామ్ అంతా ఎడమ పక్కన, చీకట్లో ఉన్నట్టు చూపిస్తుంది. మీరు పాపం అని ఎక్స్‌పోజర్ పెంచుతారు. ఆ సమయానికి నీలం గీత గ్రాఫ్ కుడి అంచు గోడకి గుద్దుకుని ఉంటుంది. అలా పోయిన నీలంలో అద్దం ముక్కల మధ్య ఛాయల తేడాలు పోతాయి, అంతా ఒకే ప్లాస్టిక్ రంగు అయిపోతుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ దాన్ని వెనక్కి తేలేదు. మూడు గీతల్లో ఏదీ కుడి గోడని తాకకుండా, కాస్త చీకటిగానే తీయండి. అనుమానంగా ఉంటే ఒక స్టాప్ తక్కువలో ఇంకోటి, రెండు స్టాప్‌లు తక్కువలో ఇంకోటి తీసి ఉంచుకోండి.

వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని బట్టి ఫోటో రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదిలేయకండి. కిటికీ నిండా నీలం ఉంటే కెమెరా అది తప్పనుకుని పసుపు కలిపి సరిచేయబోతుంది. డేలైట్‌లో స్థిరంగా పెట్టేయండి. అన్ని కిటికీలకీ ఒకటే ఉంటే ఇంటికొచ్చాక పోల్చి చూసుకోవడం కూడా తేలిక.

ట్రైపాడ్ హోటల్లో వదిలేయండి. ముందుగా అనుమతి లేకుండా చాలా కేథడ్రల్స్‌లో నిలబెట్టనివ్వరు, జనంలో ఎవరి కాలికైనా తగులుతుంది. అదీ కాక కిటికీకి ఎక్స్‌పోజర్ పెడితే 1/60, 1/125 చేతికి అందే స్పీడే. స్తంభానికి వీపు ఆనించండి, మోచేతులు పొట్టకి నొక్కిపెట్టండి, ఊపిరి వదులుతూ మూడు నాలుగు ఫ్రేములు వరసగా తీయండి. ఒకటి తప్పక నిలబడుతుంది. ట్రైపాడ్ బరువుకి బదులు రెండు వస్తువులు పెట్టుకెళ్లండి: ఒక 70-300 లెన్స్, ఒక చిన్న బైనాక్యులర్. లెన్స్ అద్దెకి దొరికినా చాలు. షార్త్ర్ లోపల కప్పు ఎత్తు దాదాపు 37 మీటర్లు. పై వరస కిటికీల్లో బొమ్మలు 105తో అగ్గిపెట్టెంత వస్తాయి. బైనాక్యులర్ అమ్మగారికి. మీరు ఒక్కో కిటికీ దగ్గర పావుగంట నిలబడితే ఆవిడకి విసుగు రాకుండా ఉండాలి కదా. నిజానికి ఆ రోజు మీకంటే ఎక్కువ చూసేది ఆవిడే కావచ్చు.

లెన్స్ ముందు అద్దం శుభ్రంగా తుడవండి, హుడ్ (పక్క వెలుగు ఆపే లెన్స్ తొడుగు) పెట్టండి. చీకట్లో వెలిగే కిటికీకి ఎదురుగా పెట్టినప్పుడు లెన్స్ మీద ఒక్క వేలిముద్ర ఉన్నా బొమ్మంతా పాలు కలిపినట్టు మసకబారుతుంది. ఫోన్‌కైతే ఇది ఇంకా ముఖ్యం, జేబులోంచి తీసిన ఫోన్ లెన్స్ ఎప్పుడూ జిడ్డుగానే ఉంటుంది.

ఫోన్ సంగతి కూడా చెప్పేస్తాను. కిటికీ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. తర్వాత వేలిని కిందికి జరిపి రంగు చిక్కబడే దాకా వెలుగు తగ్గించండి. నైట్ మోడ్ ఆపేయండి, అది గోడల్ని లేపడానికి ప్రయత్నించి అద్దాన్ని పాడు చేస్తుంది. టెలిఫోటో లెన్స్ ఉంటే అదే వాడండి, అంతకు మించి జూమ్ చేయకండి.

ఇప్పుడు ఏం తీయాలన్నది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనిపించేది ఇదే. మొత్తం కిటికీ ఒక్క ఫోటో, గుర్తు కోసం తీసుకోండి. మిగిలిన సమయమంతా ఒక్కో గడి తీయండి. ఈ కిటికీలు దూరం నుంచి మెరిసే అలంకారం మాత్రమే కాదు, గడులుగడులుగా చెప్పిన కథలు. ఎక్కువగా కింది నుంచి పైకి చదవాలి.

షార్త్ర్‌లో మొదట దక్షిణం వైపు పక్క నడవలో ఉన్న మంచి సమరయుని కిటికీకి వెళ్లండి. కింది వరస కిటికీ కాబట్టి మీ 24-105తోనే గడులు దగ్గరగా వస్తాయి. అట్టడుగున ఎవరున్నారో చూడండి: రాజులూ కాదు, సాధువులూ కాదు, చెప్పులు కుట్టేవాళ్లు. పనిలో వంగి ఉన్నారు. ఆ వృత్తివాళ్లే కిటికీకి సొమ్ము ఇచ్చారా, ఎంత ఇచ్చారు అన్నదాని మీద పండితుల్లో వాదనలున్నాయి. కానీ 800 ఏళ్ల కింద ఎవరో ఆ పనివాళ్లని అంత పెద్ద గుడి గోడలో కూర్చోబెట్టారు, ఇప్పటికీ వాళ్లు అక్కడే పని చేసుకుంటున్నారు. వాళ్ల పైన యెరూషలేము నుంచి బయల్దేరిన బాటసారి, దొంగలు, దెబ్బలు, ఆదుకున్న సమరయుడు. ఇంకా పైకి వెళ్తే ఆదాము హవ్వలు. నోవహు కిటికీలో కింద వడ్రంగులు ఉంటారు, షార్లమేన్ కిటికీలో ఉన్ని తోలు వ్యాపారి ఒకడు కొనుగోలుదారుకి అంగీ తెరిచి చూపిస్తుంటాడు. మన బట్టల కొట్టులో చీర పరిచి చూపించినట్టే.

ఒక గడిని లెన్స్‌తో పూర్తిగా దగ్గరికి లాగండి. అప్పుడు అద్దం పని తెలుస్తుంది. ముఖం ఒక ముక్క, చెయ్యి ఒక ముక్క, వస్త్రం మడతలు రెండు మూడు ముక్కలు. వాటి మధ్య నల్లటి గీతలన్నీ సీసం పట్టీలు. రెండు వైపులా గాడి ఉన్న పట్టీలోకి అద్దం అంచులు దూర్చి అతుకుతారు. కళ్లు, ముక్కు, వేళ్లు మాత్రం గీసినవి: లోహపు పొడి, గాజు పొడి కలిపిన ముదురు రంగుతో గీసి కొలిమిలో కాల్చారు. ఎరుపు ముక్కలో సన్నటి చారలు కనిపిస్తే అది లోపం కాదు. రాగితో వచ్చే ఆ ఎరుపు ఎంత చిక్కనిదంటే అద్దం మందమంతా అదే ఉంటే నల్లగా కనిపిస్తుంది. అందుకే తెల్ల గాజు మీద పలచటి ఎర్ర పొరగా వేశారు, ఆ పొర ఎక్కడా ఒకే మందంలో ఉండదు. ఆ చారలు మీ ఫోటోలో నిలబడ్డాయా లేదా అన్నదే ఎక్స్‌పోజర్‌కి అసలైన పరీక్ష. ఎరుపు అంతా ఒకటే చదునుగా వచ్చిందంటే ఎక్కువ వెలుగు ఇచ్చారని అర్థం.

బెల్ వెరియేర్ బలిపీఠం వెనక తిరిగే ప్రదక్షిణ మార్గంలో, దక్షిణం వైపున ఉంటుంది. దాని నీలానికీ, చుట్టూ 13వ శతాబ్దపు కిటికీల నీలానికీ తేడా చూడండి. 12వ శతాబ్దపు ఆ నీలం సోడా గాజు. తర్వాతి కిటికీల్లో ఎక్కువ భాగం కట్టెల బూడిదతో చేసిన పొటాష్ గాజు, అది గాలికీ తేమకీ తొందరగా గుంటలు పడి మసకబారుతుంది. అందుకే వయసులో పెద్దది ఇంకా లేతగా వెలుగుతోంది, చిన్నవి ముదిరిపోయాయి. పడమటి ముఖద్వారం మీద ఉన్న మూడు పొడుగు కిటికీలు కూడా 1150 ప్రాంతానివే. వాటికి మధ్యాహ్నం తర్వాత రండి. ఒక మాట: షార్త్ర్ లోపలి గోడల్ని ఈమధ్య శుభ్రం చేసి లేత రంగులోకి తెచ్చారు. దీని మీద పెద్ద వివాదమే జరిగింది. పాత ఫోటోల్లో చూసిన చీకటి ఇప్పుడు ఉండదు, గోడల నుంచి తిరిగొచ్చే వెలుగు ఎక్కువ. నాకైతే పాత చీకట్లోనే అద్దం లోతుగా కనిపించేదనిపిస్తుంది, కానీ గదిని కూడా కలిపి ఫోటో తీయాలనుకునేవాళ్లకి ఇప్పుడే తేలిక.

సాంత్ షాపెల్ పూర్తిగా వేరు. తొమ్మిదవ లూయీ రాజు, యేసుదని నమ్మే ముళ్లకిరీటాన్ని ఉంచడానికి కట్టించి, 1248లో ప్రతిష్ఠ చేయించిన రాజగృహపు ప్రార్థనాలయం. పై అంతస్తులో గోడలే లేవన్నట్టు 15 కిటికీలు, ఒక్కోటి 15 మీటర్ల ఎత్తు, మొత్తం 1,113 దృశ్యాలు. లోపలికి ఎడమ పక్క ఆదికాండంతో కథ మొదలై చుట్టూ తిరిగి, కుడి పక్కన ఆ కిరీటం పారిస్‌కి చేరిన కథతో ముగుస్తుంది. పడమటి రోజ్ విండో (గుండ్రటి పెద్ద కిటికీ) మాత్రం 15వ శతాబ్దం చివరిది, దాని గడులు ఇంకా తెల్లగా, పసుపుగా ఉంటాయి. టికెట్ సమయం ముందే బుక్ చేసుకోండి, సెక్యూరిటీ తనిఖీకి అదనంగా టైమ్ పెట్టుకోండి, అది కోర్టు ప్రాంగణంలో ఉంది. పై అంతస్తుకి ఇరుకైన చుట్టుమెట్లు ఎక్కాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ముందే సిబ్బందిని అడగండి.

అక్కడ గడులు చిన్నవి, ఎత్తు ఎక్కువ, జనం ఎక్కువ. కెమెరా పైకెత్తి తీస్తే కిటికీ పైభాగం సన్నబడి వెనక్కి వాలినట్టు వస్తుంది. వీలైనంత ఎదుటి గోడ దాకా వెనక్కి వెళ్లి, కిటికీ చుట్టూ ఖాళీ వదిలి తీయండి. ఇంటికొచ్చి నిలువు గీతలు సరిచేసినప్పుడు అంచులు కొంత పోతాయి, ఆ ఖాళీ అందుకే. నీలం, ఎరుపు చిన్నచిన్న ముక్కలుగా పక్కపక్కనే ఉండటం వల్ల దూరం నుంచి గదంతా ఊదా రంగులో తేలినట్టు అనిపిస్తుంది. ఫోటోలో ఊదా వస్తే కెమెరా తప్పనుకుని సరిచేయకండి.

అన్నిచోట్లా ఒకే సెట్టింగ్ పనిచేయదని చెప్పడానికి యార్క్ మిన్‌స్టర్ ఒక్కటి చెప్తాను, ఎప్పుడైనా ఇంగ్లండ్ వెళ్తే పనికొస్తుంది. అక్కడి తూర్పు పెద్ద కిటికీని కోవెంట్రీకి చెందిన జాన్ థోర్న్‌టన్ 1405 నుంచి 1408 వరకు, మూడేళ్లలో చేశాడు. ఆయనకి ముట్టింది 56 పౌన్లు. అప్పటికి వెండితో గాజుకి పసుపు ఎక్కించే పద్ధతి వచ్చేసింది కాబట్టి బొమ్మల్లో తెలుపు, పసుపు చాలా ఎక్కువ. షార్త్ర్‌లో ముందు పోయేది నీలం అయితే, యార్క్‌లో ముందు పోయేది తెల్లటి ముఖాలు. అక్కడ ముఖం మీదే కొలవాలి.

మీరు హైదరాబాద్‌లోనే ఉంటారని రాశారు కాబట్టి వెళ్లే ముందు ఒక ఆదివారం కాని రోజున మెదక్ చర్చికి వెళ్లి రండి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేసిన ఆ చర్చిలో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపించే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ఇంగ్లండ్ కళాకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. 20వ శతాబ్దపు అద్దం, గాజు నునుపుగా ఉంటుంది, మధ్యయుగపు ముక్కల గరుకుదనం ఉండదు. కానీ చీకటి గది, వెలిగే కిటికీ అన్న లెక్క అదే. ఫోటోలకి అక్కడివాళ్లని అడిగి, పైన చెప్పిన మూడు రంగుల హిస్టోగ్రామ్ అక్కడ అలవాటు చేసుకుంటే పారిస్‌లో టెన్షన్ ఉండదు.

ఎడిటింగ్ గురించి రెండే మాటలు. షాడోస్ (చీకటి భాగాలు) లేపకండి, సీసం పట్టీలు నల్లగానే ఉండాలి. శాచురేషన్ (రంగు గాఢత) ముట్టుకోకండి, హైలైట్స్ (బాగా వెలిగే భాగాలు) కొద్దిగా తగ్గించి, నలుపు కొద్దిగా దించితే చాలు, రంగు దానంతట అదే వస్తుంది.

ఇక లోపలికి అడుగు పెట్టగానే కెమెరా తీయకండి. బయటి వెలుగులోంచి వచ్చిన కంటికి కిటికీలు డల్‌గా కనిపిస్తాయి. కుర్చీలో కూర్చోండి. పది నిమిషాలకి కన్ను చీకటికి అలవాటు పడి రంగులు ఒక్కొక్కటిగా ఉబికి వస్తాయి. ప్రార్థన జరుగుతుంటే అయ్యేదాకా ఆగండి, షట్టర్ చప్పుడు ఆపేసే సదుపాయం ఉంటే ఆపేయండి, మోకరించి ఉన్న మనుషుల్ని ఫ్రేమ్‌లోకి తేకండి. షార్త్ర్‌కి పొద్దున మొదటి రైళ్లలోనే వెళ్తే టూర్ బస్సులు రాకముందు ఆ పక్క నడవ దాదాపు ఖాళీగా ఉంటుంది. చెప్పులు కుట్టేవాళ్ల గడి ముందు మీరూ అమ్మగారూ మాత్రమే ఉంటారు.